మానేశాక తిరిగి వెళ్లే చోటు

1971లో అమెరికా ప్రభుత్వాన్ని ఒక భయం పట్టుకుంది. వియత్నాం యుద్ధంలో ఉన్న సైనికుల్లో చాలామంది హెరాయిన్‌కు అలవాటు పడ్డారని వార్తలు వచ్చాయి. అక్కడ ఆ మత్తు చౌకగా, పెద్దగా కల్తీ లేకుండా, అడిగిన చోటల్లా దొరికేది. వీళ్లంతా ఇళ్లకు తిరిగొస్తే ఏమవుతుందోనని పెద్దలు బెంబేలెత్తారు. హెరాయిన్ ఒకసారి పట్టుకుంటే వదలదన్నది అప్పటికి డాక్టర్లలో కూడా గట్టి నమ్మకం. చికిత్స పూర్తిచేసుకుని బయటికెళ్లిన వాళ్లలో ఎక్కువమంది కొద్ది నెలల్లోనే మళ్లీ మొదలుపెట్టడం వాళ్లు కళ్లారా చూస్తున్నదే.

తిరిగొచ్చిన సైనికులను వెతికి పట్టుకుని మాట్లాడే పని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలికి అప్పజెప్పారు. ఆమె తెచ్చిన లెక్కలు చాలామందికి మింగుడుపడలేదు. మామూలు సైనికుల్లో సుమారు ఐదోవంతు మంది వియత్నాంలో ఉండగా మత్తు లేకుండా గడవని స్థితికి చేరామని ఒప్పుకున్నారు. ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో వాళ్లలో తిరిగి ఆ స్థితికి వెళ్లింది 5 శాతం మాత్రమే. మూడేళ్ల కాలం తీసుకున్నా 12 శాతమే. దాదాపు సగం మంది ఇంటి దగ్గర కూడా ఎప్పుడో ఒకసారి హెరాయిన్ వాడారు. అయినా అది వాళ్లను పట్టుకుని కూర్చోలేదు. వీళ్లలో చాలామందికి ప్రత్యేకమైన చికిత్స ఏదీ జరగలేదు.

శరీరం అదే, మెదడు అదే, అలవాటైన పదార్థమూ అదే. మారింది మనిషి ఉన్న చోటు. ఒకచోట చావు భయం, విసుగు, అయినవాళ్లకు వేల మైళ్ల దూరం, చెయ్యి చాస్తే దొరికే మత్తు. ఇంకోచోట పని, కుటుంబం, పాత స్నేహాలు, తెల్లారి లేవడానికి ఒక కారణం. వ్యసనం గానీ మానసిక వ్యాధి గానీ మనిషి తలలో మాత్రమే ఉండదు. మనిషికీ అతని చుట్టూ ఉన్న జీవితానికీ మధ్య ఉంటుంది. తలలో ఉన్న భాగానికి మాత్రం వైద్యం చేసి, చుట్టూ ఉన్నదాన్ని ఎక్కడిదక్కడ వదిలేసి, జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ మనిషినే తప్పుపట్టడం అన్యాయం.

చోటును శరీరం గుర్తుపెట్టుకుంటుంది

'చుట్టూ ఉన్న జీవితం' అంటే మనసుకు మాత్రమే తగిలే మెత్తటి మాటలా వినిపిస్తుంది. శరీరం మాత్రం దాన్ని చాలా కచ్చితంగా లెక్క కడుతుంది.

కెనడా శాస్త్రవేత్త షెపర్డ్ సీగెల్, ఆయన సహచరులు 1982లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఎలుకలకు కొన్ని రోజుల పాటు డోసు పెంచుకుంటూ హెరాయిన్ ఇచ్చి అలవాటు చేశారు. తర్వాత ఒక పెద్ద డోసు ఇచ్చారు. కొన్నింటికి ఎప్పుడూ ఇచ్చే చోటే ఇచ్చారు, కొన్నింటికి వేరే చోట ఇచ్చారు. అలవాటైన చోట 32 శాతం చనిపోయాయి. వేరే చోట అదే డోసుకు 64 శాతం చనిపోయాయి. అసలు హెరాయిన్ అలవాటే లేని ఎలుకల్లో 96 శాతం చనిపోయాయి.

కారణం ఇది. రోజూ ఒకే చోట, ఒకే వేళకు మత్తు లోపలికి వస్తుంటే, అది రాకముందే శరీరం కాచుకుని ఉంటుంది. మత్తు ఊపిరిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి, శరీరం ముందే దానికి ఎదురు పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ గది, ఆ వాసన, ఆ వేళ కనిపించగానే ఈ ఎదురుపని మొదలవుతుంది. డోసు తట్టుకునే శక్తిలో కొంత భాగం ఇలా చోటు నుంచే వస్తుంది. చోటు మారితే శరీరానికి కబురు అందదు. రోజూ తట్టుకునే డోసే ప్రాణం తీయగలదు.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యమైనది. అలవాటైన చోటు కనిపించి, శరీరం ఎదురుపని మొదలుపెట్టి, మత్తు మాత్రం రాకపోతే? అప్పుడు ఆ ఎదురుపని ఒక్కటే మిగులుతుంది. వణుకు, చెమట, గుండెదడ, తట్టుకోలేని ఆరాటం. చికిత్స కేంద్రంలో మూడు నెలలు ప్రశాంతంగా ఉన్న మనిషి, పాత స్నేహితులు కూర్చునే మూల కనబడగానే కుదేలైపోవడంలో వింతేమీ లేదు. అతను అబద్ధమాడలేదు. కేంద్రంలో నిజంగానే అతనికి తాగాలనిపించలేదు. ఆ కోరికను పిలిచే వస్తువులేవీ అక్కడ లేవు. వియత్నాం సైనికుల విషయంలో సరిగ్గా దీనికి తిరగేసి జరిగింది. కోరికను పిలిచేవన్నీ సముద్రానికి అవతలే ఉండిపోయాయి. మామూలు రోగి మాత్రం చికిత్స ముగిశాక ఆ చోటుకే తిరిగి వెళ్తాడు.

ఎలుకల మాట వచ్చింది కాబట్టి ఇంకో ప్రయోగం గురించి చెప్పుకోవాలి. 1970ల చివర్లో కెనడాలోనే బ్రూస్ అలెగ్జాండర్ బృందం ఒంటరి బోనుల్లో కొన్ని ఎలుకలను ఉంచి, మరికొన్నింటిని విశాలమైన చోట తోటి ఎలుకలతో, ఆడుకునే వస్తువులతో కలిపి ఉంచింది. మార్ఫిన్ (హెరాయిన్ జాతికే చెందిన మత్తు) కలిపిన నీళ్లు రెండు గుంపులకూ అందుబాటులో పెట్టారు. ఒంటరి ఎలుకలు వాటిని చాలా ఎక్కువగా తాగాయి. దీన్ని పట్టుకుని 'వ్యసనానికి ఒకే కారణం ఒంటరితనం' అని చెప్పేవాళ్లున్నారు. అది అతిశయోక్తి. తర్వాత అదే ప్రయోగం మళ్లీ చేసిన వాళ్లందరికీ అవే ఫలితాలు రాలేదు. దానికన్నా గట్టి ఆధారం 2018లో మార్కో వెనీరో బృందం ప్రచురించిన పనిలో ఉంది. మత్తుకు బాగా అలవాటైన ఎలుకలకు రెండు మీటలు పెట్టారు. ఒకటి నొక్కితే మత్తు, ఇంకోటి నొక్కితే తోటి ఎలుకతో కాసేపు కలిసి ఉండే అవకాశం. దాదాపు ప్రతిసారీ అవి తోడునే ఎంచుకున్నాయి. అయితే తోడు దొరకడం ఆలస్యమైతేనో, తోడు కోసం మీట నొక్కినప్పుడు నొప్పి కలిగితేనో మళ్లీ మత్తువైపు మొగ్గాయి. తోడు ఉంటే చాలదు, అది వెంటనే దొరకాలి, దెబ్బ తగలకుండా దొరకాలి. మనుషుల ఇళ్లలో కూడా గమనించాల్సిన సంగతి ఇది.

రక్తంలో ఉన్నదంతా రాతే అనుకుంటే

'వాళ్ల నాన్నా అంతే, వాడూ అంతే' అనే మాట వినని ఇల్లు అరుదు. అందులో కొంత నిజం ఉంది. కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం మద్యం వ్యసనానికి లోనయ్యే తీరులో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో సుమారు సగం జన్యువుల నుంచే వస్తుంది. భ్రమలు కలిగి, లేని గొంతులు వినిపించే తీవ్రమైన మానసిక వ్యాధి స్కిజోఫ్రెనియాలో జన్యువుల వాటా ఇంకా ఎక్కువ. అయినా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి స్కిజోఫ్రెనియా వస్తే, రెండోవాళ్లకు కూడా వచ్చేది సగం సార్లు లేదా అంతకన్నా తక్కువే.

జన్యువులు ఒంటరిగా పనిచేయవని చూపే ఉదాహరణల్లో జపాన్‌ది అన్నిటికన్నా స్పష్టమైనది. అక్కడ చాలామందికి మద్యాన్ని శరీరం సరిగా అరిగించుకోకుండా చేసే ఒక జన్యు మార్పు ఉంది. కొంచెం తాగినా మొహం ఎర్రబడుతుంది, కడుపులో తిప్పుతుంది, గుండె దడదడలాడుతుంది. దీనివల్ల వాళ్లు మద్యం వ్యసనం నుంచి చాలావరకు తప్పించుకుంటారు. 1979లో జపాన్‌లో మద్యం వ్యసనంతో చికిత్సకు వచ్చిన వాళ్లలో ఈ జన్యు మార్పు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లు 2.5 శాతమే. 1986 నాటికి 8 శాతం అయ్యారు. 1992 నాటికి 13 శాతం. పదమూడేళ్లలో ఒక జాతి జన్యువులు మారిపోవు. మారింది తాగే అలవాట్ల చుట్టూ ఉన్న సమాజం. నలుగురితో కలిసి తాగక తప్పని పరిస్థితి పెరిగేకొద్దీ, ఒళ్లు వద్దని మొత్తుకుంటున్నా తాగినవాళ్లు పెరిగారు. పుట్టుకతో వచ్చిన రక్షణను కూడా సమాజం ఇలా అరగదీయగలదు.

జూదం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అందులో ఒంట్లోకి వెళ్లే పదార్థమే లేదు. అయినా 2013లో అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ దాన్ని మద్యం, మత్తు వ్యసనాల పక్కనే చేర్చింది. ఎప్పుడు గెలుస్తామో తెలియని ఆట మనిషిని పట్టి ఉంచినంత గట్టిగా, ప్రతిసారీ గెలిచే ఆట పట్టి ఉంచలేదు. ఈసారి కాకపోతే వచ్చేసారి అన్న ఆశే అక్కడ మత్తు.

నొప్పిని తగ్గించేదే నొప్పిని పెంచుతుంది

వ్యసనం, మానసిక వ్యాధి ఒకే మనిషిలో కలిసి కనిపించడం చాలా మామూలు. ఏది ముందు, ఏది వెనక అన్న వాదన కుటుంబాల్లో ఏళ్ల తరబడి నడుస్తుంది. 'తాగడం వల్లే డిప్రెషన్ వచ్చింది' అని ఒకరు, 'మనసు బాగాలేకే తాగుతున్నాడు' అని ఇంకొకరు. ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అనే మానసిక వైద్యుడు 1985లో ఒక ఆలోచనను ముందుకు తెచ్చారు. మనుషులు మత్తును సుఖం కోసం మాత్రమే వాడరనీ, తమకు పేరు పెట్టడం రాని బాధకు సొంత వైద్యంగా వాడుకుంటారనీ ఆయన వాదన. అందరి విషయంలో ఇది నిజం కాదు. కుతూహలంతో మొదలుపెట్టి ఇరుక్కున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఏళ్ల తరబడి ఆందోళనతో, నిద్ర పట్టని రాత్రులతో, పాత గాయాలతో బతుకుతున్న మనిషికి మొదటి గ్లాసు ఏం చేస్తుందో చూస్తే ఈ మాటలో బలం తెలుస్తుంది.

మద్యం మెదడులో శాంతపరిచే సంకేతాలను పెంచుతుంది, ఉద్రేకపరిచే సంకేతాలను తగ్గిస్తుంది. టెన్షన్ దిగిపోతుంది. మొదటిసారి మనిషికి 'మామూలు వాళ్లు ఇలా ఉంటారా' అనిపిస్తుంది. మెదడు మాత్రం తన తూకం కాపాడుకోవాలి కాబట్టి, వారాలు నెలలు గడిచేకొద్దీ శాంతపరిచే వైపును తగ్గించుకుని ఉద్రేకపరిచే వైపును పెంచుకుంటుంది. మద్యం దిగిన వేళ ఆ పెరిగిన ఉద్రేకమే మిగులుతుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ, గుండెదడ, కారణం లేని భయం. మనిషికి అర్థమయ్యేది ఒక్కటే: 'చూశారా, అది లేకపోతే నేను ఉండలేను.' అతను అనుభవించే భయం నిజమైనదే. ఆ భయం ఎక్కడి నుంచి వస్తోందన్నదే అతనికి కనబడదు. ఈ సుడిలో కొన్నేళ్లు తిరిగాక ఏది మొదలు, ఏది చివర అని వెతకడం వృథా. రెండింటికీ ఒకే చోట, ఒకే సమయంలో చికిత్స జరగాలి. 'ముందు తాగడం మానేసి రండి, తర్వాత డిప్రెషన్ చూద్దాం' అని పంపేస్తే ఆ మనిషి రెండు తలుపుల మధ్య ఇరుక్కుపోతాడు.

ఈ బాధల్లో చాలావాటికి మూలం బాల్యంలో ఉంటుంది. విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టర్ కాలిఫోర్నియాలో బరువు తగ్గించే క్లినిక్ నడుపుతూ, బాగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోవడం గమనించారు. ఎందుకని అడుగుతూ పోతే చిన్నప్పుడు జరిగిన లైంగిక వేధింపుల కథలు బయటికొచ్చాయి. ఆయన, రాబర్ట్ ఆండా కలిసి చేసిన అధ్యయనం 1998లో వెలువడింది. 9,508 మంది పెద్దవాళ్లను బాల్యం గురించి అడిగారు: కొట్టడం, తిట్టడం, లైంగిక వేధింపు, తల్లిని కొట్టడం చూడటం, ఇంట్లో ఎవరికైనా తాగుడో మానసిక వ్యాధో ఉండటం, ఎవరైనా జైలుకెళ్లడం. ఇలాంటివి నాలుగు రకాలు లేదా అంతకన్నా ఎక్కువ ఎదుర్కొన్న వాళ్లలో మద్యం వ్యసనం ఏడు రెట్లు, ఆత్మహత్యా ప్రయత్నం పన్నెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. పోలిక అలాంటివేవీ ఎదుర్కోని వాళ్లతో. ఇది గుంపుకు సంబంధించిన లెక్క. ఒక్కొక్క మనిషి జాతకం ఇందులో ఉండదు. కష్టమైన బాల్యం ఉన్నవాళ్లలో చాలామంది ఏ వ్యసనమూ లేకుండా బతుకుతారు. వాళ్లను నిలబెట్టింది ఏమిటని వెతికితే, నమ్మదగిన పెద్దమనిషి ఒక్కరైనా దగ్గర ఉండటం పదే పదే కనిపించే అంశం.

పెద్దయ్యాక కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతపు మహిళలను అధ్యయనం చేసి 1978లో ఫలితాలు ప్రచురించారు. డిప్రెషన్‌కు ముందు చాలామంది జీవితంలో పెద్ద దెబ్బ ఏదో తగిలింది. అయితే దెబ్బ తగిలిన ప్రతి ఒక్కరూ కుంగిపోలేదు. మనసు విప్పి మాట్లాడుకునే మనిషి లేకపోవడం, ఇంట్లో 14 ఏళ్లలోపు పిల్లలు ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉండటం, బయట ఉద్యోగం లేకపోవడం, 11 ఏళ్లలోపే తల్లిని పోగొట్టుకోవడం, ఈ పరిస్థితుల్లో ఉన్నవాళ్లే ఎక్కువగా పడిపోయారు. ఈ జాబితాలో మెదడు రసాయనాల ప్రస్తావనే లేదు.

డబ్బు ఏం మార్చగలదు, ఏం మార్చలేదు

పేదరికం, మానసిక వ్యాధి చెట్టపట్టాలేసుకుని తిరుగుతాయని అందరికీ తెలుసు. పేదరికం జబ్బు తెస్తుందా, జబ్బు పేదరికంలోకి తోస్తుందా అన్నది పాత ప్రశ్న. దీనికి జవాబు అనుకోకుండా ఒక చోట దొరికింది. అమెరికాలో గ్రేట్ స్మోకీ పర్వతాల ప్రాంతంలో జేన్ కాస్టెల్లో బృందం 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని 1993 నుంచి ఏటా గమనిస్తూ వచ్చింది. వాళ్లలో సుమారు నాలుగోవంతు చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగ పిల్లలు. అధ్యయనం నడుస్తుండగానే ఆ తెగ భూమి మీద కాసినో (జూదశాల) తెరిచారు. లాభంలో కొంత తెగలోని ప్రతి ఒక్కరికీ పంచారు. ఎవరి ప్రతిభతోనూ, ఎవరి జబ్బుతోనూ సంబంధం లేకుండా కొన్ని కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి.

ఆ కుటుంబాల పిల్లల్లో కొట్లాటలు, దొంగతనాలు, మొండితనం లాంటి ప్రవర్తన సమస్యలు తగ్గి, మొదటి నుంచీ పేదరికం ఎరగని పిల్లల స్థాయికి వచ్చాయి. ఎందుకో చూస్తే, తల్లిదండ్రులకు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే తీరిక దొరికింది. ఆందోళన, డిప్రెషన్ మాత్రం తగ్గలేదు. డబ్బు కొన్ని తలుపులు తెరుస్తుంది, అన్నీ కాదు. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్ని మాత్రమే చెప్పేవాళ్లు ఎక్కువ. డబ్బు చేరినప్పటికి అందరికన్నా చిన్నవాళ్లుగా ఉన్న పిల్లలు పెద్దయ్యాక చూస్తే, వాళ్లలో మద్యం, గంజాయి సమస్యలు తగ్గాయని 2010లో అదే బృందం చెప్పింది.

పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే తీరిక అన్న మాట చిన్నదిగా కనిపించినా, ఐస్‌లాండ్ దాని మీదే ఒక జాతీయ కార్యక్రమం నిర్మించుకుంది. అక్కడ 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో మత్తెక్కేదాకా తాగామన్నారు. 2016లో ఆ సంఖ్య 5 శాతం. మత్తు చెడ్డదని పాఠాలు చెప్పినందువల్ల కాదు ఇది. ఆటలకు, సంగీతానికి, నాట్యానికి డబ్బిచ్చారు. పిల్లలు రాత్రి పొద్దుపోయాక బయట తిరగకుండా చూశారు. తల్లిదండ్రులు పిల్లలతో గడిపే సమయం పెంచారు. పొగాకు, మద్యం చేతికి అందకుండా చట్టాలు బిగించారు.

ఈ చివరి అంశాన్ని తేలిగ్గా తీసేయకూడదు. చుట్టూ ఉన్న జీవితం గురించి మాట్లాడుతూ సరఫరాను మరిచిపోవడం పెద్ద పొరపాటు. అమెరికాలో 1990ల చివరి నుంచి డాక్టర్లు బలమైన నొప్పి మాత్రలను విచ్చలవిడిగా రాయడంతో ఓపియాయిడ్ (హెరాయిన్ జాతి మత్తుల) సంక్షోభం మొదలైంది. నిరాశలో ఉన్న ఊళ్లు ముందు కూడా ఉన్నాయి. వాటిలోకి అంత బలమైన మత్తు అంత సులభంగా వచ్చి పడటమే కొత్త.

ఇంటి గొంతు

చుట్టూ ఉన్న జీవితంలో అన్నిటికన్నా దగ్గరిది ఇల్లు. దీని గురించి మాట్లాడేటప్పుడు చాలా జాగ్రత్త అవసరం, ఎందుకంటే వైద్యం ఇక్కడ ఒకసారి ఘోరంగా తప్పు చేసింది. 1948లో ఒక ప్రముఖ మానసిక వైద్యురాలు 'స్కిజోఫ్రెనియా పుట్టించే తల్లి' అనే మాట వాడారు. ఆధారం లేని ఆ మాట దశాబ్దాల పాటు ఎందరో తల్లులను దోషులుగా నిలబెట్టింది. కొడుకో కూతురో కళ్ల ముందే మారిపోతుంటే చూస్తూ కుమిలిపోతున్న ఆడవాళ్లకు, కారణం నువ్వేనని చెప్పారు. కుటుంబం స్కిజోఫ్రెనియాను పుట్టించదు.

అయితే జబ్బు వచ్చాక ఇంటి వాతావరణం దాని నడకను మార్చగలదు. 1950ల్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్, ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లిన రోగుల్ని గమనిస్తూ ఒక వింత చూశారు. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లు, అద్దె గదుల్లోనో తోబుట్టువుల దగ్గరో ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా ఆస్పత్రికి తిరిగొచ్చారు. ప్రేమ తక్కువై కాదు. ఆ తర్వాత ఏళ్లలో ఆయన, ఇతరులు కలిసి ఇంటివాళ్ల మాటల్ని రికార్డు చేసి కొలిచే పద్ధతి తయారుచేశారు. ఎన్నిసార్లు తప్పుపట్టారు, ఎంత ద్వేషం ఉంది, ఎంతగా మీద పడిపోయి చూసుకుంటున్నారు అన్నవి లెక్కపెట్టారు. ఏమన్నారన్నదాని కన్నా ఏ గొంతుతో అన్నారన్నదే ఎక్కువగా లెక్కలోకి వచ్చింది. తప్పుపట్టడం, మీద పడిపోవడం ఎక్కువగా ఉన్న ఇళ్లకు వెళ్లినవాళ్లలో సుమారు సగం మందికి ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది. అవి తక్కువగా ఉన్న ఇళ్లలో సుమారు ఐదోవంతు మందికే.

తప్పుపట్టడం దుర్మార్గం నుంచి రాదు, తెలియకపోవడం నుంచి వస్తుంది. స్కిజోఫ్రెనియాలో భ్రమలు, వినిపించే గొంతులు కనిపించే లక్షణాలు. వాటిని ఇంటివాళ్లు జబ్బు అని ఒప్పుకుంటారు. పగలంతా మంచం మీదే ఉండటం, స్నానం చేయకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కూడా జబ్బు లక్షణాలే. కానీ అవి సోమరితనంలా కనిపిస్తాయి. 'ఎప్పుడు చూసినా పడుకునే ఉంటావు, సిగ్గు లేదా?' అనే మాట అక్కడి నుంచి పుడుతుంది. ఇది జబ్బు చేసే పని అని ఇంటివాళ్లకు ఓపికగా వివరించి, చిన్న చిన్న సమస్యలను కలిసి తేల్చుకోవడం నేర్పితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చాలా అధ్యయనాలు చూపాయి. మందులతో పాటు ఇది. మందులకు బదులు కాదు.

సిగ్గు మందులా పనిచేయదు

వ్యసనం ఉన్న ఇంట్లో సిగ్గుపరచడాన్ని చాలామంది చికిత్సగా నమ్ముతారు. నలుగురిలో పరువు తీస్తే బుద్ధి వస్తుందని. అలాన్ మార్లాట్ అనే మానసిక శాస్త్రవేత్త దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగేదాన్ని వివరించారు. మానేసిన మనిషి ఒకరోజు జారి ఒక్క గ్లాసు తాగుతాడు. ఆ ఒక్క గ్లాసు శరీరానికి చేసే హాని చిన్నదే. దాని తర్వాత తలలో మొదలయ్యే మాటలు పెద్దవి: 'నేనింతే. నా వల్ల కాదు. అందరూ అన్నదే నిజం.' మునిగినవాడికి చలేమిటన్నట్టు ఆ రాత్రంతా, ఆ వారమంతా తాగుతాడు. జారడానికీ పూర్తిగా పడిపోవడానికీ మధ్య ఉన్నది చాలావరకు ఈ సిగ్గే. అందుకే మంచి చికిత్సలో జారితే ఏం చేయాలో ముందే మాట్లాడుకుంటారు. ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది రాసి పెట్టుకుంటారు.

మాటల బరువు వైద్యుల మీద కూడా పనిచేస్తుంది. జాన్ కెల్లీ, కసాండ్రా వెస్టర్‌హాఫ్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఐదు వందల మందికి పైగా మానసిక ఆరోగ్య నిపుణులకు ఒక రోగి వివరాలు ఇచ్చారు. సగం కాగితాల్లో ఆ మనిషిని మత్తు దుర్వినియోగం చేసేవాడు అన్నారు. మిగతా సగంలో మత్తు వాడకం సమస్య ఉన్న మనిషి అన్నారు. మిగిలినదంతా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మొదటి మాట చదివినవాళ్లు ఆ మనిషిదే తప్పనీ, శిక్ష లాంటి చర్యలు అవసరమనీ ఎక్కువగా అన్నారు. వీళ్లంతా ఈ రంగంలో చదువుకుని పనిచేస్తున్నవాళ్లు. తాగుబోతు, పిచ్చోడు అనే మాటలు రోజూ వింటూ పెరిగిన మామూలు మనిషి సంగతి ఇక చెప్పాలా? ఆ మాటలు తన మీద పడతాయన్న భయంతోనే చాలామంది డాక్టర్ దగ్గరికి ఏళ్ల తరబడి వెళ్లరు.

గేటు దాటిన మొదటి రోజులు

అన్నిటికన్నా ప్రమాదకరమైన సమయం చికిత్స కేంద్రమో జైలో వదిలి బయటికొచ్చిన మొదటి రోజులు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైన 30,237 మందిని గమనించిన అధ్యయనం 2007లో వచ్చింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో మత్తు డోసు ఎక్కువై చనిపోయే ప్రమాదం, ఆ రాష్ట్రంలోని మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు. లోపల ఉన్నన్నాళ్లు వాడకపోవడంతో శరీరానికి తట్టుకునే శక్తి పోయింది. బయట పాత చోట్లు, పాత ముఖాలు కోరికను పిలుస్తాయి. మనిషి పాత లెక్క ప్రకారమే డోసు తీసుకుంటాడు. చేతిలో పని లేదు, చాలామందికి ఉండటానికి గది కూడా లేదు. శరీరం, చోటు, సమాజం మూడూ కలిసి ఒకే రోజున మీద పడతాయి. మత్తు కోరికను అదుపులో ఉంచే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ లాంటి మందులను ఈ సమయంలో ఆపకుండా కొనసాగిస్తే మరణాలు తగ్గుతాయి. వీటిని 'ఒక మత్తు బదులు ఇంకో మత్తు' అని తీసిపారేసేవాళ్లు ఈ రెండు వారాల లెక్క ఒకసారి చూడాలి.

ఇంటికి పంపేముందు వైద్యులు వేయాల్సిన ప్రశ్నలు దీని నుంచే వస్తాయి. ఎక్కడ పడుకుంటారు? పక్కన ఎవరు ఉంటారు? మొదటి సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఏం చేస్తారు? అప్పులవాళ్లు ఎప్పుడు వస్తారు? మందుల చీటీ రాసినంత శ్రద్ధగా వీటి జవాబులు కూడా రాసుకోవాలి. ఇళ్లు లేని, మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు 'ముందు మానేయండి, తర్వాత ఇల్లు' అనే షరతు లేకుండా మొదటే ఇల్లు ఇచ్చే పద్ధతి 1992లో న్యూయార్క్‌లో మొదలైంది. వాళ్లు ఇంట్లో నిలవరని అనుకున్నారు. చాలామంది నిలిచారు.

ఇక చికిత్సకే రానని మొండికేసే మనిషి ఉన్న ఇంటికి ఏం దారి? రాబర్ట్ మేయర్స్ రూపొందించిన ఒక పద్ధతి ఆ మనిషిని వదిలి ఇంటివాళ్లతో మొదలవుతుంది. అరవకుండా మాట్లాడటం, అతను తాగకుండా ఉన్న గంటలను హాయిగా గడిచేలా చూడటం, తాగినప్పుడు గొడవపడకుండా పక్కకు తప్పుకోవడం, తాగుడు తెచ్చిన ఇబ్బందులను అతని తరఫున సర్దిపెట్టకపోవడం, సరైన క్షణంలో చికిత్స మాట ఎత్తడం నేర్పుతారు. చెయ్యి లేచే ఇంట్లో అయితే ముందు తమ ప్రాణం కాపాడుకోవడం నేర్పుతారు. 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలా నేర్చుకున్న ఇళ్లలో 64 శాతం, చికిత్స వద్దన్న తమ మనిషిని చికిత్సకు తీసుకురాగలిగాయి. అందరూ ఒకేసారి ఎదురుగా కూర్చుని నిలదీసే పద్ధతిలో అది 30 శాతమే. ఈ శిక్షణలో చాలా భాగం ఇంటివాళ్ల సొంత జీవితం గురించే ఉంటుంది: ఎప్పుడో తెగిపోయిన స్నేహాలు, మానేసిన పనులు, లేని నిద్ర. చివరికి ఆ మనిషి చికిత్సకు రాని ఇళ్లలో కూడా, నేర్చుకున్న భార్యల్లో, తల్లుల్లో, తండ్రుల్లో కుంగుబాటూ కోపమూ తగ్గాయి.